ఈ చీమ ఏ చీమ? బెజవాడ, గుంటూరు వైపు చీమల్ని పేరు దాకా తేల్చుకునే పద్ధతి

మన దగ్గర చీమలకు వాడుకలో ఉన్న పేర్లు ఎర్రచీమ, నల్లచీమ, గండుచీమ, చలిచీమ, ఇంకో రెండు మూడు, అంతే. శాస్త్రవేత్తల లెక్క చూస్తే ఒక్క మన దేశంలోనే 800 పైన జాతులు, ప్రపంచం మొత్తం మీద 14 వేల పైన. కాబట్టి మీ మేడ మీద కుండీలో తిరిగేదాన్ని నల్లచీమ అన్నారంటే దాని గురించి ఇంకా ఏమీ చెప్పనట్టే. ఎవరైనా ఫొటో పంపి "ఇది ఏం చీమండీ, ఎర్రగా ఉంది, కుడితే మంట" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: నడుము కనిపించేలా పక్క నుంచి తీసిన ఫొటో ఉందా? రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఒకే పుట్టలో కొత్తగా బయటికొచ్చిన చీమ పాలిపోయి, ముదిరిన చీమ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, ఎండలో తీసిన ఫొటోలో ఒక రంగు, ట్యూబ్‌లైటు కింద ఇంకో రంగు. నడుము అలా మారదు.

ముందు అది చీమో కాదో చూసుకోండి. నవ్వకండి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తొలకరి పడ్డ సాయంత్రం వీధి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు చీమలు కావు, రెక్కలొచ్చిన చెదపురుగులు. వాటికి నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే పొడవు, నడుము సన్నబడదు, మీసాలు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, నడుము బాగా సన్నం, మీసం మధ్యలో మడత పడి ఉంటుంది. రెండో మోసగత్తె సాలీడు. నూజివీడు, మైలవరం వైపు మామిడి తోటల్లో ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి కదా, వాటి మధ్యలోనే అచ్చం వాటిలాగే ఉండే సాలీడు ఒకటి తిరుగుతుంది. ముందు కాళ్ల జత పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ నడుస్తుంది, అందుకే ఆరు కాళ్లే ఉన్నాయనిపిస్తుంది. ఓపిగ్గా లెక్కపెడితే ఎనిమిది తేలతాయి. వేలు దగ్గర పెడితే చీమ కరవడానికి మీదికొస్తుంది, ఇది దారం వదిలి కిందికి జారిపోతుంది.

సరంజామా

పెద్ద ఖర్చేమీ లేదు. నగల షాపుల వాళ్లు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి, ఫోనుకు తగిలించే మాక్రో లెన్స్ ఒకటి, వాటర్ కలర్ బ్రష్ సున్నా నంబరుది, మూత గట్టిగా పడే చిన్న సీసాలు, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్. వేళ్లతో పట్టుకుంటే చీమ నలుగుతుంది, మనకు పనికొచ్చే మీసాలూ కాళ్లే ముందు ఊడిపోతాయి. బ్రష్ కొస స్పిరిట్‌లో తడిపి చీమకు ఆనిస్తే అతుక్కుని వచ్చేస్తుంది, అదే స్పిరిట్‌లో వదిలేయండి. ఒంటి నిర్మాణం చూడటానికి ఈ స్పిరిట్ చాలు. తర్వాత డీఎన్ఏ పరీక్ష చేయించే ఆలోచన ఉంటే మాత్రం 95 శాతం ఇథనాల్ కావాలి, అది ఏదైనా కాలేజీ ల్యాబు ద్వారా సంపాదించుకోవాలి.

సీసాలో చీమతో పాటు ఒక చిన్న కాగితం ముక్క వేయండి, పెన్సిల్‌తో రాసి. పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఊరు, కచ్చితంగా ఎక్కడ, తేదీ, ఎవరు పట్టారు, చెట్టు మీదా నేల మీదా రాయి కిందా. "విజయవాడ" అని వదిలేస్తే లాభం లేదు, "ఉండవల్లి గుహల రోడ్డు, వేప చెట్టు మొదట్లో, తడి నేల" అని ఉండాలి. లేబులు లేని చీమ ఎంత అరుదైనదైనా శాస్త్రానికి పనికిరాదు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను, లేబులు లేకుండా తెచ్చిన సీసా నేను తెరవను కూడా తెరవను.

వేళ సంగతి. బెజవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం పోతే మీరు మాడతారు, చీమలు మాత్రం చాలావరకు లోపలే ఉంటాయి. పొద్దున్నే ఎనిమిదిలోపు, లేదా పొద్దు వాలాక. వాన వెలిసిన మర్నాడు అన్నిటికన్నా మేలు. ఎర కావాలంటే తడిపిన బెల్లం ఒక చిటికెడు, ఎండు రొయ్యల పొడి ఒక చిటికెడు, రెండూ విడివిడిగా ఆకు ముక్కల మీద పెట్టి అరగంట ఆగి చూడండి. తీపికి వచ్చేవి వేరు, నీచుకు వచ్చేవి వేరు, రెండింటికీ ఎగబడేవి వేరు. చుట్టూ పెద్ద చీమల దండు ఒకటి ఉంటే ఎర మొత్తం అదే ఆక్రమిస్తుంది, అందుకని అరుదైన చీమ కావాలంటే ఎర కన్నా రాయి తిరగేయడం, ఎండుటాకులు జల్లెడ పట్టడం మంచిది. తిరగేసిన రాయిని మళ్లీ అలాగే పెట్టి రండి. కొండపల్లి లాంటి చోట రిజర్వు ఫారెస్టు పరిధిలో అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు. కృష్ణ కరకట్ట, మంగళగిరి వైపు ఖాళీ స్థలాలు, మీ అపార్టుమెంటు పిట్టగోడ, ఇవే ఏళ్ల తరబడి సరిపోతాయి.

పట్టేటప్పుడు ఒక్క చీమతో సరిపెట్టకండి. ఒకే పుట్ట నుంచి పది పదిహేను, చిన్నవీ పెద్దవీ కలిపి తీయండి. దీనికి కారణం ఉంది. ఫైడోలే అనే ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఒకే తల్లి పిల్లల్లో రెండు రకాల కూలి చీమలుంటాయి, ఒకటి మామూలుగా, రెండోది ఒళ్లంతా తలే అన్నట్టు పెద్ద బుర్రతో. ఆ రెండూ విడివిడిగా చూసినవాళ్లు రెండు జాతులనుకుంటారు. పైగా ఈ ప్రజాతిలో జాతి తేల్చడానికి ఆ పెద్దబుర్ర చీమే కావాలి, చిన్నవి ఒకదాని లాగే ఒకటి ఉంటాయి.

ఒక జాగ్రత్త. చెట్టు బెరడు మీద ఒంటరిగా, చురుగ్గా తిరిగే పొడవాటి చీమ, తల నలుపు, నడిమి భాగం ఎరుపు, వెనక నలుపు ఉంటే దాన్ని చేత్తో ముట్టుకోవద్దు. అది టెట్రాపోనెరా రూఫోనైగ్రా, కొండితో కుడుతుంది, కొందరికి దాని విషం పడక ఊపిరాడని పరిస్థితి వస్తుంది. దద్దుర్లు ఒళ్లంతా పాకినా, గొంతు బిగుసుకున్నట్టు అనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పోవాలి.

నడుము ముందు, మీసం తర్వాత

ఇంటికొచ్చాక చీమను స్పిరిట్‌లోంచి తీసి టిష్యూ మీద ఆరనిచ్చి, పక్కకు పడుకోబెట్టి భూతద్దంలో చూడండి. తల, వక్షం, తర్వాత సన్నటి నడుము, ఆపైన ఉబ్బుగా ఉదరం. ఆ సన్నటి నడుము మీద ముడి ఒకటి ఉందా, రెండా? సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఒకటే ముడి ఉంటే ఉదరం వైపు చూడండి. ఉదరం మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య దారంతో బిగించినట్టు నొక్కు కనిపించి, కొసన కొండి ఉంటే అది ఎక్కువగా పోనెరినే ఉపకుటుంబం, అంటే దగ్గరి ప్రజాతులు కలిసిన ఇంకా పెద్ద గుంపు. నొక్కు లేకుండా ఉదరం నున్నగా ఉంటే ఇంకా కొసకు వెళ్లండి. అక్కడ గుండ్రటి చిన్న బెజ్జం, దాని చుట్టూ పొట్టి వెంట్రుకల అంచు ఉంటే ఫార్మిసినే. వీటికి కొండి లేదు, ఆ బెజ్జంలోంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. మన గండుచీమ కాంపోనోటస్ కంప్రెసస్, తోటల్లో గూళ్లు కుట్టే ఎకోఫిల్లా స్మరాగ్డినా, గచ్చు మీద దిక్కుతోచనట్టు అడ్డదిడ్డంగా పరిగెత్తే పొడుగు కాళ్ల పారాట్రెకినా లాంగికార్నిస్, అన్నీ ఈ ఇంటివే. బెజ్జం బదులు అడ్డంగా చిన్న చీలిక ఉంటే డోలికోడెరినే. పంచదార డబ్బా చుట్టూ తిరిగే, తల నల్లగా వెనకంతా పాలిపోయి కనీకనిపించని బుల్లి చీమ టాపినోమా మెలనోసెఫాలమ్ ఇందులోదే. దీన్ని నలిపితే చెడిపోయిన కొబ్బరి వాసన వస్తుంది. దీని నడుము ముడి దాదాపు పలకగా అణిగిపోయి ఉదరం కింద దాక్కుంటుంది, ముడే లేదేమిటి అని కంగారు పడొద్దు.

రెండు ముడులుంటే దారి వేరు. చెట్టు మీది పొడుగు ఒళ్లు, పెద్ద కళ్లు అయితే ఇందాక చెప్పిన టెట్రాపోనెరా, అది సూడోమిర్మెసినే. కళ్లే లేకుండా బారుగా నడిచే చిన్న చీమలైతే ఈనిక్టస్ కావచ్చు, అది డోరిలినే. మిగతావన్నీ దాదాపు మిర్మిసినే. చీమల్లో అతి పెద్ద ఉపకుటుంబం ఇదే, మీకు అంతుబట్టని చీమ సగానికి సగం సార్లు ఇందులోనే తేలుతుంది. ఇక్కడ నడుము చెప్పగలిగింది అయిపోయింది, మీసం దగ్గరికి రావాలి.

మీసాన్ని చెరకు గడలా అనుకోండి, కణుపులు లెక్కపెట్టాలి. మొదటి కణుపు బాగా పొడవు, దాన్నీ ఒకటిగా కలుపుకోవాలి. అక్కడి నుంచి మడత, ఆ తర్వాత చిన్న కణుపులు, కొసన రెండో మూడో కణుపులు లావెక్కి ముద్దగా ఉండొచ్చు. మాక్రో ఫొటో తీసి పెద్దది చేసుకుని, ఒక్కో కణుపు మీద అంకె వేసుకుంటూ పోండి. రెండు మీసాలూ లెక్కించండి, ఎందుకంటే కొస విరిగిన మీసం తప్పుదారి పట్టిస్తుంది. పది కణుపులు, కొసన లావుపాటివి రెండే అయితే సోలెనాప్సిస్, పొలం గట్ల మీద నిప్పంటించినట్టు కుట్టే ఎర్రచీమ సోలెనాప్సిస్ జెమినేటా దీనిలోదే. పన్నెండు కణుపులు, లావుపాటివి మూడు అయితే ఫైడోలే, మోనోమోరియం లాంటివి ముందు అనుమానించాలి. చాలావరకు పదకొండు కణుపులు, ఉదరం పైనుంచి చూస్తే గుండె ఆకారం, కదిలిస్తే ఆ ఉదరాన్ని తల మీదికి ఎత్తి బెదిరిస్తుంటే క్రెమటోగాస్టర్. దాని రెండో ముడి ఉదరానికి ముందు నుంచి కాక పైనుంచి అతుక్కుని ఉంటుంది, ఇంకెవరికీ అలా ఉండదు. తొమ్మిది కణుపులు వస్తే ఆగి మళ్లీ లెక్కపెట్టండి, అన్ని కణుపులే ఉండే చీమల జాబితా చాలా చిన్నది.

చచ్చినట్టు నటించే చీమ

ఆ తొమ్మిది కణుపుల చీమ మన చుట్టూ ఉన్నా పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. నాలుగైదు మిల్లీమీటర్లు, ముందు భాగం ఇటుక ఎరుపు, ఉదరం నలుపు లేదా ముదురు గోధుమ, ఒళ్లంతా నిక్కబొడుచుకున్న పొడవాటి వెంట్రుకలు. ఎండ తగిలే గడ్డి నేల మీద, మట్టి బాట అంచుల్లో నింపాదిగా నడుస్తుంది. చీమంటే హడావిడి అనుకునేవాళ్లు దీన్ని చూసి చీమ కాదనుకుంటారు. బ్రష్ కొసతో తాకండి: కాళ్లు ముడుచుకుని, మీసాలు మడిచి, మట్టి బెడ్డలా కదలకుండా పడి ఉంటుంది. కాసేపటికి ఒక మీసం బయటికి తీసి, పరిస్థితి చూసుకుని, లేచి దాని దారిన అది పోతుంది.

దీన్ని పద్ధతి ప్రకారం తేలుద్దాం. నడుము మీద రెండు ముడులు, కళ్లు ఉన్నాయి, ఒళ్లు పొట్టిగా దిట్టంగా ఉంది, కాబట్టి మిర్మిసినే. మీసం తొమ్మిది కణుపులు, కొసన మూడు లావుపాటివి. తలకు రెండు పక్కలా లోతైన గాడి, మడిచిన మీసం అందులో కూర్చుంటుంది. పైనుంచి చూస్తే వక్షం మీద పలక లాంటి డాలు, వెనక భాగాన్ని కప్పేస్తూ, వెనక మూలల్లో రెండు ముళ్లతో. ఈ మూడూ కలిస్తే ప్రజాతి మెరానోప్లస్. చెట్ల మీది కెటలాకస్ అనే నల్ల చీమకూ తల పక్కన గాడి ఉంటుంది, దానితో పొరబడే వీలుంది, కానీ దాని మీసం పదకొండు కణుపులు, వక్షం మీద ఇలా వెనక్కి కప్పే డాలు ఉండదు.

ప్రజాతి దాకా రావడానికి భూతద్దం చాలు. జాతి దాకా పోవాలంటే మైక్రోస్కోపు కావాలి, కనీసం నలభై రెట్లు. డాలు వెనక అంచు ఎలా వంకర తిరిగింది, ముళ్లు ఎంత పొడవు, ముడుల మీద గరుకు ఎలా ఉంది, ఉదరం మొదటి పలక నున్నగా ఉందా గీతలున్నాయా, ఇవీ చూడాల్సినవి. ఆసియా మెరానోప్లస్ చీమల వర్గీకరణను 1998లో స్టెఫాన్ షోడ్ల్ అనే కీటక శాస్త్రవేత్త తిరగరాసి సరిచేశాడు, కాబట్టి అంతకు ముందు గుర్తింపు పట్టికలతో తేల్చిన పేర్లు అక్కడ సరిచూసుకోవాలి. మన దేశమంతటా విరివిగా కనిపించే మెరానోప్లస్ బైకలర్ అని అనుకోవడానికి రెండు రంగులూ, పొడవాటి ముళ్లూ సాయపడతాయి. పేరులో రెండు రంగులున్నాయి కదా అని రంగుతోనే ముద్ర వేసేయకండి, ఈ ప్రజాతిలో మన దేశంలో వేరే జాతులు కూడా ఉన్నాయి.

పేరు పక్కన గెరాన్-మెన్విల్, 1844 అని బ్రాకెట్‌లో కనిపిస్తుంది. ఆ బ్రాకెట్ ఊరికే పెట్టింది కాదు. ఆయన మొదట దీనికి పేరు పెట్టినప్పుడు క్రిప్టోసెరస్ అనే వేరే ప్రజాతిలో వేశాడు, ఇప్పటి చోటుకు తర్వాత మారింది. మారితే బ్రాకెట్, మారకపోతే ఉండదు. పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఇది చాలా అవసరం. మన చీమల మీద తొలి జాబితాల్లో ఒకటి 1851లో జెర్డన్ రాసింది, నెల్లూరులో డాక్టరుగా కూడా పనిచేసిన మనిషే. తర్వాత 1903లో బింగమ్ బ్రిటిష్ ఇండియా చీమల మీద రాసిన సంపుటం ఇప్పటికీ వాడుకలో ఉంది, ఉచితంగా దొరుకుతుంది, వర్ణనలు చక్కగా ఉంటాయి. కానీ అందులో సైమా అని ఉన్నది ఇప్పుడు టెట్రాపోనెరా, ప్రెనోలెపిస్ లాంగికార్నిస్ అని ఉన్నది ఇప్పుడు పారాట్రెకినా. బింగమ్ దగ్గర దొరికిన పేరును నేరుగా రాసేయకుండా యాంట్‌వికీ, యాంట్‌క్యాట్ అనే చీమల వెబ్‌సైట్లలో దేన్లోనైనా వేసి ఇప్పటి పేరు చూసుకోండి. యాంట్‌వెబ్ అనే ఇంకో సైట్‌లో అయితే ఒక్కో నమూనాకు మూడు ఫొటోలుంటాయి: తల ఎదురుగా, ఒళ్లు పక్క నుంచి, పైనుంచి. మీ ఫొటోలూ అదే మూడు కోణాల్లో తీస్తే పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం తేలిక.

కొలతలు కూడా తీయాలి. పక్కన మిల్లీమీటరు గ్రాఫ్ పేపరు ముక్క పెట్టి ఫొటో తీసి, ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలవచ్చు. తల వెడల్పును తల పొడవుతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చే అంకెను వర్ణనల్లో సూచికగా ఇస్తారు. వెడల్పు 1 మిల్లీమీటరు, పొడవు 1.25 అయితే 80. ఒక్క చీమది కాదు, ఐదారింటివి తీసి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో రాయండి.

యాప్‌లో ఫొటో పెడితే వెంటనే పేరు చెప్తుంది కదా అంటారా? గండుచీమకు సరిగ్గానే చెప్తుంది. చిన్న మిర్మిసినేల దగ్గర చాలాసార్లు అదీ ఊహే, ఎందుకంటే కణుపులు కనపడని ఫొటోలో లేని సమాచారాన్ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది. ప్రజాతి దగ్గర ఆగి "మెరానోప్లస్, జాతి తేలలేదు" అని రాయడంలో చిన్నతనం లేదు, వృత్తిగా చేసేవాళ్లు కూడా రోజూ అలాగే రాస్తారు.

ఇక ఏ పట్టికలోనూ సరిపడని చీమ దొరికిందనుకోండి. కొత్త జాతి అని సంబరపడే ముందు అది బయట నుంచి వచ్చిన చీమేమో చూడండి, నర్సరీ మొక్కల మట్టితో, సరుకుతో చీమలు ఊళ్లు దాటుతుంటాయి. అప్పటికీ తేలకపోతే కోల్‌కతాలో ఉన్న భారత జంతు సర్వేక్షణ సంస్థ ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. దగ్గర్లో కావాలంటే లాంలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, బాపట్ల వ్యవసాయ కళాశాల, ఇలాంటి చోట్ల కీటక శాస్త్రం వాళ్లను అడగొచ్చు. విదేశీ నిపుణుడెవరో అడిగాడని కొరియర్ చేసేయకండి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దానికి అనుమతులు కావాలి. కొత్త జాతి అని ఒప్పుకోవాలంటే ప్రచురించిన వర్ణన, దానికి ఆధారంగా ఒక నమూనాను ఎంచి సంగ్రహాలయంలో పెట్టడం, దగ్గరి జాతులతో తేడాలు చూపించడం, ఇన్ని ఉంటాయి. 2024లో అరుణాచల్ సియాంగ్ లోయ నుంచి పారాపారాట్రెకినా నీలా అని మెరిసే నీలి చీమను వర్ణించారు, వార్తల్లో రంగే కనిపించింది, కానీ దాన్ని ఆ ప్రజాతిలో చేర్చింది ఒంటి నిర్మాణాన్ని బట్టే.

దాచిపెట్టేదానికి: గట్టి కార్డు నుంచి చిన్న త్రికోణం కత్తిరించి, దాని మొన మీద చుక్క ఫెవికాల్ పెట్టి, చీమ వక్షం కింది వైపు, మధ్య, వెనక కాళ్ల మొదళ్ల దగ్గర అంటించండి. వెడల్పు చివర గుండుసూది గుచ్చి, కింద లేబులు తగిలించండి. నడుము, మీసం, తల మీద జిగురు పడకూడదు, పడితే ఇప్పటిదాకా చెప్పిందేదీ చూడలేరు. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి మూత బిగించండి. ఇంట్లో మోనోమోరియం చీమలు తిరుగుతుంటే పెట్టెను పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో ఎత్తు మీద పెట్టండి, లేకపోతే మీరు అంటించిన చీమల్ని అవే ముక్కలు చేసి మోసుకుపోతాయి, సూదులూ లేబుళ్లూ మాత్రం మిగులుతాయి.